అసలు, మిత్తి, లేని బాకీ

నల్లగొండ జిల్లా, ఏప్రిల్ మొదటి వారం

మున్సిపాలిటీలో పన్ను వసూళ్ల మార్చి 31 హడావుడి సద్దుమణిగింది. ఈ నెల 30లోపు ఈ ఏడాది ఇంటి పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు. అందుకే పొద్దున కౌంటర్ దగ్గర ఏటా చెప్పకుండానే కట్టేవాళ్లే కనిపించారు. పాత బాకీ మీద ఆ తగ్గింపు లేదు, బాకీదార్లు రానూ రారు.

ఇవాళ్టి పని వసూలు చేయడం కాదు, వసూలు పద్ధతినే విప్పి మళ్లీ పేర్చడం. ఇంటి పన్నుకు ఒక బిల్ కలెక్టర్, నల్లా బిల్లుకు ఇంకొకరు, ట్రేడ్ లైసెన్స్‌కు వేరేవాళ్లు, మున్సిపల్ మడిగెల కిరాయికి మరో సీటు. ఒకే గడపకు నలుగురు పోతే ఇంటాయన ఎవరిది తక్కువుంటే వాళ్ల చేతిలో పెట్టి పంపిస్తాడు, పెద్దది మిగిలిపోతుంది. ఇకమీదట గల్లీకి ఒక్కరే. ఆ ఇంటి నుంచి రావాల్సిందంతా ఒకే కాగితం మీద ఉండాలి.

దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. పన్ను లెక్కకట్టే మనిషి, వసూలు చేసే మనిషి ఒక్కరే కావద్దు. కొలతా వాళ్లదే, రసీదూ వాళ్లదే అయితే రెండో అంతస్తు కాగితం మీదికి ఎన్నటికీ ఎక్కదు. దీన్ని విడదీయకుండా మిగతావన్నీ మార్చినా లాభం తక్కువే.

మధ్యాహ్నమంతా డీసీబీ రిజిస్టర్‌తోనే. డిమాండ్ (అంటే రావాల్సిన పన్ను), వసూలు, బాకీ, ఈ మూడింటి లెక్క అది. అందులో బాకీ అని కనిపించేదంతా బాకీ కాదు. కూల్చేసిన ఇంటికి ఇప్పటికీ పన్ను పడుతూ ఉంటుంది. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నాక మూడు కొత్త పన్ను నంబర్లు వస్తాయి, తండ్రి పేరు మీది పాత నంబరూ బతికే ఉంటుంది. దీనికి రివర్సు కూడా ఉంది: చెక్కు బౌన్సయినా రసీదు రద్దు కాక, రాని డబ్బు వచ్చినట్టు కూర్చుంటుంది. 2018లో పంచాయతీ నుంచి మున్సిపాలిటీలైన చిట్యాల, హాలియా లాంటి ఊళ్ల తీరున్న చోట చేతిరాత రిజిస్టర్ల నుంచి దిగిన పేర్లను మరీ జాగ్రత్తగా చూడాలి. తండ్రి పేరు రాయని యాదయ్యలు ఒకే వార్డులో నలుగురుంటే నోటీసు ఎవరికని ఇవ్వాలి?

అందుకే ముందు కుప్పలు చేయాలి. సర్కారు ఆఫీసుల బాకీ ఒక కుప్ప. దానికి గడప తొక్కి లాభం లేదు, ఆ శాఖ బడ్జెట్ అడగడానికి ముందే దాని జిల్లా అధికారికి లెటర్ పోవాలి. కోర్టులో ఉన్నవి ఇంకోటి. రెండుసార్లు ఎక్కినవి, ఇల్లే లేనివి వేరే. వాటికి పంచనామా, ఫొటో, పాత నంబరు జతచేసి రద్దుకు ఫైలు పెట్టాలి. ఇక్కడే పని ఆగుతుంది. డిమాండ్ తగ్గిస్తే ఆడిట్‌కు జవాబు చెప్పాలి, తగ్గించకపోతే అడిగేవాళ్లుండరు. అందుకే లేని బాకీ ఏళ్లకేళ్లు మోస్తుంటారు. చివరికి మిగిలేది కట్టగలిగీ కట్టని వాళ్ల కుప్ప. చూస్తే అది అనుకున్నంత పెద్దది కాదు, మనుషులను నిజంగా పంపాల్సింది అక్కడికే.

మిత్తి నెలకు 2 శాతం. ఏడాదికి 4,800 పన్నున్న ఇంటికి ఆరు నెలల వాయిదా 2,400, దాని మీద నెలకు 48 రూపాయలు. యాభై నెలలు నిండితే మిత్తి అసలుతో సమానం. 2022లో, మళ్లీ 2024 మార్చిలో సర్కారు బాకీల మీది మిత్తిలో 90 శాతం మాఫీ ఇచ్చింది. అసలు 12,000, మిత్తి 9,000 ఉంటే 12,900 కట్టి 8,100 వదిలించుకోవచ్చు. పైసలొస్తాయి, నిజమే. కానీ "ఆగితే మళ్లీ మాఫీ వస్తది సార్" అనే మాట గల్లీ గల్లీలో పాకింది. టైముకు కట్టినాయనకు 5 శాతం, ఎగ్గొట్టినాయనకు మిత్తిలో 90 శాతం. ఈ లెక్క జనానికి మనకంటే బాగా తెలుసు.

ఫోన్ నంబర్ల సంగతి వేరే. మెసేజ్‌లు పంపుదామని లిస్టు తీస్తే ఒకే నంబరు ఇంటింటికీ రిపీట్ అవుతుంది. ఆ గడి నింపనిదే స్క్రీన్ ముందుకు పోదని ఎవరో తమ నంబరే కొట్టుకుంటూ పోయారు. యజమానికి మెసేజ్ రాదు, నోటీసు అందలేదని వాదిస్తాడు, ఆ వాదన నిలుస్తుంది. కొత్త పద్ధతిలో రసీదు చేతికిచ్చే ముందు నంబరుకు ఓటీపీ పంపి సరిచూసుకోవాలి. ఇంటికి ఒక నిమిషం ఎక్కువ పడుతుంది, అంతే.

సాయంత్రం మార్చి 31 నాటి యూపీఐ చెల్లింపులు సరిచూడడం. రాత్రి కట్టినవి బ్యాంకులో ఏప్రిల్ 1న జమయ్యాయి. రసీదు తేదీనే పట్టుకోవాలి, బ్యాంకు తేదీ పట్టుకుంటే కట్టినాయన మీద ఇంకో నెల మిత్తి పడుతుంది. డబ్బు కట్ అయి రసీదు రానివి వేరే షీటులో రాయాలి. వాళ్లలో కొందరు భయపడి రెండోసారి కట్టారు. అది తిరిగి ఇవ్వడం కంటే ఈ ఏడాది పన్నుకు జమ చేయడం తేలిక, కాకపోతే వాళ్లను అడిగే చేయాలి. 30లోపు జమైతే ఆ 5 శాతం తగ్గింపూ వాళ్లకు దక్కుతుంది.

ఇంటి పన్నుతో కలిపి వసూలయ్యే గ్రంథాలయ సెస్సు, రూపాయికి 8 పైసలు, ఇంకా విడిగా తీయలేదు. అది మున్సిపాలిటీ ఖర్చు పెట్టుకునే సొమ్ము కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థది. మడిగెల కిరాయి ఫైళ్లు రేపు. లీజు ఒకరి పేరు, షట్టర్ ఎత్తేది ఇంకొకరు, బాకీ అడిగితే ఇద్దరూ ఎదుటివాళ్లను చూపిస్తారు. ముందు ఎవరు కూర్చున్నారో రాసుకొని రావాలి, నోటీసు ఆ తర్వాత.