మెయిల్‌కో ఫైల్
తిరుపతిలో మేం చూసుకునే కాలేజీ మెయిల్ సర్వర్‌లో మెయిల్స్ దాచే పద్ధతిని ఎంబాక్స్ నుంచి మెయిల్‌డిర్‌కి మార్చాం. ఎంబాక్స్‌లో ఫోల్డర్ మొత్తం ఒకే ఫైల్. మధ్యలో ఒక్క మెయిల్ తీసేసినా ఆ తర్వాతి భాగమంతా మళ్లీ రాయాలి, అంతసేపూ ఫైల్‌కి తాళం, అంటే ఇంకెవరూ అందులో రాయలేరు. అడ్మిషన్ల సీజన్‌లో ఆఫీసు వాళ్లకు అదే టెన్షన్. మెయిల్‌డిర్‌లో ప్రతి మెయిల్ విడి ఫైల్, తాళం గొడవే లేదు. డేనియల్ బెర్న్‌స్టీన్ క్యూమెయిల్ అనే తన మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ కోసం చేసిన ఈ పద్ధతంటే నాకెంతో గౌరవం.

కానీ భారమంతా డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఫైల్‌సిస్టమ్ మీద పడుతుంది. లినక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో బ్లాక్, అంటే ఒక విడతలో కేటాయించే కనీస చోటు, సాధారణంగా 4 కేబీ, కాబట్టి 1 కేబీ మెయిల్ కూడా 4 కేబీ తింటుంది. పైగా ప్రతిదానికీ ఫైల్ వివరాలు రాసుకునే ఓ ఐనోడ్. రాత్రి మొదలైన బ్యాకప్ ఆ చిన్న ఫైళ్లన్నీ ఒక్కొక్కటే వెతుక్కుంటూ తెల్లారేదాకా సాగుతోంది. అయినా ఎంబాక్స్‌కి మళ్లీ వెళ్లం. డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లోని ఎండీబాక్స్ పద్ధతి పరీక్షిస్తున్నాం, అందులో ఒక్కో ఫైల్‌లో చాలా మెయిల్స్ పడతాయి.