పత్తి ఆకును ఒకసారి వెలుతురుకు పట్టి చూడండి

పది రోజుల క్రితం గుంటూరు నుంచి ఊరికి వెళ్లాను. ప్రత్తిపాడు దగ్గర మాకు రెండెకరాల పత్తి ఉంది. నాలుగు రోజులు ముసురు పట్టి అప్పుడే తెరిపిచ్చింది, చేలో అడుగేస్తే నల్లరేగడి చెప్పుల్ని వదలట్లేదు. నాన్న అప్పటికే షాపు నుంచి మూడు డబ్బాలు తెచ్చి అరుగు మీద పెట్టాడు. "ఆకుల మీద మచ్చలొచ్చాయంటే ఇవి కలిపి కొట్టమన్నారురా" అన్నాడు. మూడూ పురుగు మందులే! ఆకు చూడకుండా మందెలా ఇస్తారు? నాకు నిజంగా కోపం వచ్చింది.

ఒక ఆకు తెంపి వెలుతురుకు పట్టాను. మచ్చలు గుండ్రంగా లేవు. ఈనెల మధ్య ఇరుక్కుని మూలలు మూలలుగా ఉన్నాయి, కొత్తగా వచ్చినవైతే నూనె పడ్డ కాగితంలా వెలుతురును వదులుతున్నాయి. ఒక పెద్ద ఈనె పొడవునా నల్లబడింది. ఇది బ్యాక్టీరియా నల్లమచ్చ తెగులు. ఆల్టర్నేరియా అనే శిలీంద్రపు తెగులైతే గోధుమ రంగు మచ్చలో వలయాలు కనిపిస్తాయి. పురుగు మందు ఎంత కొట్టినా బ్యాక్టీరియాకి ఏమీ కాదు, ఈలోపు తెగులు ముదిరి కొమ్మలు నల్లబడతాయి, కాయ కుళ్లుతుంది.

మర్నాడు పొద్దున్నే కలుపుకి గుంటక తోలిద్దామన్నాడు నాన్న. వద్దన్నాను. వాన చినుకు చిందితేనే పక్క మొక్కకు పాకే తెగులిది, తడి ఆకుల్లో మనం తిరిగితే మన బట్టలతోనే చేనంతా అంటిస్తాం. ఆకులు ఆరాక 10 లీటర్ల నీటికి 30 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు కలిపి, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టించాం. 15 రోజులకి మళ్లీ కొట్టాలి. పక్క చేలో రైతు స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా కలపమన్నాడు, ఏళ్లుగా అందరికీ అదే అలవాటు. అందులో ఉండే స్ట్రెప్టోమైసిన్ క్షయ రోగులకిచ్చే మందు, పంటల మీద దాని వాడకం ఆపాలని కేంద్రం 2021 డిసెంబరులోనే ముసాయిదా ఇచ్చింది. ఏఓ (మండల వ్యవసాయ అధికారి) గారిని అడగకుండా దాని జోలికి పోవద్దు. యూరియా కూడా ఆపేశాం, ఏపుగా పెరిగిన మెత్తటి ఆకుకే ఇది త్వరగా పడుతుంది. ఈసారి పంటయ్యాక పత్తి కట్టె పీకగానే చేలో ఉంచకుండా తీసేయాలి, విత్తనంలోనే కాదు, కిందటేటి చెత్తలోనూ ఈ బ్యాక్టీరియా బతికే ఉంటుంది.

నిన్న ఫోన్ చేస్తే పైన వచ్చే చిగురు శుభ్రంగా ఉందన్నాడు నాన్న, కింది ఆకులు మాత్రం రాలుతున్నాయట. మళ్లీ మబ్బేసిందని చెప్పాడు, అదే టెన్షన్‌గా ఉంది.