గుమ్మం దగ్గర కూత పెట్టే బిళ్ళ

తిరుపతిలో పాత పద్ధతిలో నడిచే చీరల దుకాణాలకు దొంగతనాన్ని పట్టేందుకు బట్టకు గుచ్చే, గుమ్మం దగ్గరి గేటు దాటితే కూత పెట్టించే ప్లాస్టిక్ బిళ్ళతో పెద్దగా పని లేదు. పరుపు మీద గుమాస్తా పరిచిన చీరల్లో మనకు నచ్చినది నేరుగా బిల్లు కౌంటరుకు వెళ్తుంది; డబ్బు కట్టి, రసీదు మీద ముద్ర వేయించుకున్న తరువాతే సంచి చేతికి వస్తుంది. వేలాడే చుడీదారును మనమే తీసుకుని ట్రయల్ రూముకు వెళ్ళగలిగే షోరూములకే ఆ బిళ్ళ అవసరం. అమెరికాలో ఈ బిళ్ళల వాడకం 1960లలోనే మొదలైంది.

దాని పనితనం ముచ్చటైనది. ఒక రకం బిళ్ళలో పలుచని లోహపు రేకు ఉంటుంది. గేటు 58 కిలోహెర్ట్జ్ వద్ద అయస్కాంత తరంగాలను ఆగి ఆగి పంపినప్పుడు ఆ రేకు కంపిస్తుంది. కొట్టి చేయి తీసేశాక కూడా గుడి గంట కాసేపు మోగినట్లు, తరంగం ఆగిన తరువాత కూడా అది కంపిస్తూనే ఉంటుంది కనుక, ఆ విరామంలో గేటు చెవి ఒగ్గి దాన్ని పసిగడుతుంది. ఇక బట్టలో గుచ్చిన సూదిని లోపల చిన్న ఉక్కు గుండ్లు పట్టి ఉంచుతాయి. లాగిన కొద్దీ పట్టు బిగుస్తుంది. కౌంటరులోని బలమైన అయస్కాంతం మీద పెడితేనే సడలుతుంది.

సబ్బులు, సెంటు డబ్బాల మీద బిళ్ళకు బదులు అంటించే స్టిక్కరును మాత్రం తీయరు, కౌంటరు వద్దే పని చేయకుండా చేస్తారు. అక్కడి మనిషి ఏమరుపాటుగా ఉంటే అది అలాగే మనతో వచ్చి, వేరే దుకాణం గుమ్మంలో కూడా కూయవచ్చు.

నా అభ్యంతరం యంత్రం మీద కాదు, అది కూసినప్పుడు కాపలావారు ప్రవర్తించే తీరు మీద. పెళ్ళిళ్ళ రద్దీలో ఒక షోరూములో గేటు కూసినప్పుడు, బిల్లు చేతిలో పట్టుకుని నిలబడిన మా పిన్నిగారి సంచిని కాపలా మనిషి అందరి ముందూ నేల మీద బోర్లించాడు. చివరికి తేలినదేమిటంటే, జాకెట్టు ముక్కకు బిళ్ళ తీయడం కౌంటరువారే మరిచారు. తీయని బిళ్ళ ఒకటి దాటిందని మాత్రమే గేటు చెప్పగలదు, డబ్బు కట్టారో లేదో దానికేం తెలుసు? ముందు బిల్లు చూసి, మర్యాదగా కౌంటరు వరకు తోడు రావడమే కాపలావారు చేయవలసిన పని.

బిళ్ళతోనే ఇల్లు చేరితే పట్టకారుతో ఊడబీకవద్దు. కొన్నింటిలో సిరా ఉంటుంది, పగిలితే పట్టు చీర పాడవుతుంది. బిల్లు తీసుకుని దుకాణానికే వెళ్ళండి. తీసి ఇవ్వడం వారి బాధ్యత.