కుండలో దాక్కున్న ‘త’

“పో-ఓ-ఫ కాదు, పొతోఫ!” అంటూ పక్కింటి మదాం గరిటె పైకెత్తి నన్ను ఆపేశారు.

ఫ్రాన్స్‌లోని లియోన్‌కు వచ్చిన ఏడాదిలో కష్టపడి నేర్చుకున్నది ఒక్కటే: ఫ్రెంచి మాట చివర ‘త’ రాసి ఉన్నా పలకకూడదు. కుండను ‘పో’ అనాలి. తీరా ఈ వంట పేరులో, పక్కన అచ్చు వచ్చిందని ఆ ‘త’ లేచి కూర్చుంటుంది. సంధి మనల్ని బళ్లోనే వదిలేసిందనుకున్నాను!

పేరుకు అర్థం ‘నిప్పు మీద కుండ’. లోపల ఏముందో చెప్పదు. గొడ్డు మాంసం, మూలుగ ఎముక, క్యారెట్లు, టర్నిప్‌లు, లీక్ అనే లావుపాటి ఉల్లికాడల్లాంటివి, మూడు గంటలకు పైగా సన్న సెగ మీద. తాలింపు లేదు, కారం అసలే లేదు. మసాలా అంటారా, ఒక ఉల్లిపాయకు రెండు లవంగాలు గుచ్చి వదిలేశారు. రెండే! మనసులోనే నవ్వుకున్నాను.

ముందుగా అవి ఉడికిన నీళ్లను విడిగా గిన్నెలో పోసి ఇచ్చారు. తాగాక నవ్వు ఆగింది.

తర్వాత ముక్కలు, పక్కన రాళ్ల ఉప్పు, వెనిగర్‌లో ఊరిన చిట్టి దోసకాయలు, నూరిన ఆవాల ముద్ద. ఆ ఘాటు ముక్కుకు ఎక్కగానే మా ఇంటి ఆవకాయ జాడీ కళ్ల ముందు మెదిలింది.

మూలుగను కాల్చిన రొట్టె మీద రాసి నాకే ఇచ్చారు. నల్లి ఎముక కోసం అన్నయ్యతో కొట్లాడి పెరిగినవాడిని, పోటీ లేకుండా దొరికితే కాస్త వెలితిగానే అనిపించింది.

మిగిలిన మాంసం మీద రేపు బంగాళాదుంప ముద్ద పరిచి కాలుస్తారట. ‘అషి పార్మాంతియే’. ఇప్పటినుంచే పలకడం సాధన చేస్తున్నాను.