చుక్క పెట్టకముందే ముగ్గు

భోగి ముందురోజు రాత్రి ముగ్గుపిండి గిన్నె పట్టుకుని వాకిట్లో పది నిమిషాలు ఊరికే నిలబడ్డా. "ఏంటి, చలికి బిగుసుకుపోయావా?" అని మా ఆయన ఒకటే నవ్వు. పోయినేడాది ఏమీ చూసుకోకుండా మధ్య వరసలో 15 చుక్కలు, అటూ ఇటూ వరసకొకటి తగ్గిస్తూ సందు చుక్క 8 వరకు అని మొదలుపెట్టేశా. మొత్తం 169 చుక్కలు. నడుం పడిపోయాక చూస్తే చివరి వరస మెట్టు మీదికెక్కింది!

అందుకే ఈసారి పూర్తయిన ముగ్గుని ముందు కళ్లతోనే వేసుకున్నా. మధ్యలో తామర, అందులో గొబ్బెమ్మకి చోటు, చుట్టూ చిలకలు, పాలబ్బాయి తొక్కకుండా నడిచేందుకు పక్కన కాస్త దారి. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటే 11 నుంచి 6 చాలని తేలింది. అన్నీ అనుకున్నట్టే కుదిరాయి. ఒక్క చిలక మాత్రం అచ్చం కాకిలా వచ్చింది, రంగేసినా దాగలేదు.