ఫల్గుణి ఒడ్డున నలుగురం

అమ్మ సంవత్సరీకాలు అయిన మూడోరోజు పొద్దున్నే మావయ్య ఫోన్ చేశాడు. "ఒరే, గయకి ఎప్పుడు?" పలకరింపు లేదు, పాడూ లేదు. అక్క పోయినప్పటి నుంచీ ఆయన మాటలన్నీ ఇలాగే సగం నుంచి మొదలవుతున్నాయి.

అలా 2024 నవంబరు చివర్లో నలుగురం బయల్దేరాం. మావయ్య, నేను, మా చెల్లి, పిన్ని కొడుకు. పోయినావిడ ఒక్కరే. మావయ్యకి అక్క, నాకూ చెల్లికీ అమ్మ, తమ్ముడికి దొడ్డమ్మ. విజయవాడలో రైలెక్కి కూర్చున్నాక ఎవరి సంచిలోంచి వాళ్లు పులిహోర తీశారు. నాలుగూ పులిహోరలే. అమ్మ ఉంటే ఎవరేం తేవాలో వారం ముందే ఫోన్‌లో పంచేసేది.

కాశీలో మూడు రోజులున్నాం. దాని గురించి ఎక్కువ రాయను. కాశీ గురించి రాయని తెలుగువాడు లేడు. మానససరోవర్ ఘాట్ దగ్గర తెలుగువాళ్ల ఆశ్రమంలో భోజనం చేసి, గంగలో మూడు మునకలు వేసి, విశ్వనాథుణ్ణి చూసి వచ్చాం. రాజమండ్రిలో కోటిలింగాల రేవులో కలపగా కొంచెం దాచిన అస్థికలు అక్కడే పడవలోంచి కలిపాం. మూట విప్పింది మావయ్యే. నా చేతికివ్వడానికి ఆయనకి కాస్త టైం పట్టింది.

కాశీ నుంచి గయకి రైల్లో వెళ్తుంటే డేహ్రీ దగ్గర సోన్ నది వచ్చింది. వంతెన మూడు కిలోమీటర్ల పైనే ఉంటుంది. 1900లో తెరిచారు. మా రాజమండ్రి హేవలాక్ వంతెన కూడా ఆ ఏడాదిదే. రైలు చప్పుడు మారగానే మావయ్య జేబు తడుముకుని కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరాడు. "ఇది గోదావరి కాదు మావయ్యా," అంది చెల్లి. "ఏ నదైతేనేం, అక్క వెయ్యమనేది," అన్నాడాయన.

మావయ్యకి నాలుగేళ్లప్పుడు అమ్మమ్మ పోయింది. అప్పటికి అమ్మకి పద్నాలుగు. ఎనిమిదో తరగతితో బడి మానేసి తమ్ముణ్ణి చంకనేసుకుంది. 1968లో పెళ్లయి కాపురానికి వస్తూ ఎనిమిదేళ్ల తమ్ముణ్ణి కూడా తెచ్చుకుంది. "మీ అమ్మ అరణంగా ఆవుని తెస్తుందనుకున్నాను, తమ్ముణ్ణి తెచ్చింది" అని నాన్న జీవితాంతం నవ్వించేవాడు. మావయ్య డిగ్రీ ఫీజులు అమ్మ కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టి కట్టింది. ఆ మిషన్ ఇప్పుడు మావయ్య ఇంట్లో ఉంది. ఎవరూ కుట్టరు. నెలకోసారి నూనె వేస్తాడట.

మా ఊళ్ల వాళ్లకి గయ ఎక్కడో పరాయిచోటు అనిపించదు. పిఠాపురం మాకు పాదగయ. గయాసురుడు పడుకుంటే తల గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు పిఠాపురంలో పడ్డాయని కథ. అమ్మ ఏడాదికోసారైనా పిఠాపురం వెళ్లేది. "పాదాలైతే చూసేశాను, తల కూడా చూడాలి" అనేది. 2008లో నాన్నతో కలిసి చూసింది. వచ్చి ఏం చెప్పిందో నాకు బాగా గుర్తు: "నది అన్నారు గానీ నీళ్లచుక్క లేదురా. చేత్తో ఇసుక తోడితే అడుగున ఊరాయి. ఆ నీళ్లతోటే తర్పణాలు."

అందుకే ఫల్గుణి చూడగానే నేను కాస్త నిరుత్సాహపడ్డాను. నది నిండా నీళ్లున్నాయి. 2022లో విష్ణుపాదం దగ్గర రబ్బరు డ్యాం కట్టారు. 411 మీటర్ల పొడవు. ఏడాది పొడవునా యాత్రికులకి నీళ్లుండాలని. మంచి పనే, కాదనను. కాని అమ్మ తోడిన ఇసుకలో చెయ్యి పెడదామనుకుని అంతదూరం వచ్చినవాణ్ణి నేను.

మాకు కుదిరిన పురోహితుడు తెలుగు మాట్లాడతాడు. ముందురోజు సాయంత్రమే పట్టీ చదివాడు. గోత్రాలు రాసుకున్నాడు. "పొద్దున్న నాలుగున్నరకి మడి కట్టుకుని అమ్మాయి అన్నం వండాలి. పిండాలకి," అన్నాడు. చెల్లి తలూపింది. ఆయన వెళ్లాక నాతో అంది: "వండటానికి పనికొస్తాను. పెట్టడానికి పనికిరాను. అంతేనా అన్నయ్యా?"

నా దగ్గర జవాబు లేదు. అమ్మకి పక్షవాతం వచ్చి మంచంలో ఉన్న రెండేళ్లూ చూసింది చెల్లే. ఎత్తి కూర్చోబెట్టడం, పక్కబట్టలు మార్చడం, పప్పన్నం మెత్తగా పిసికి చిన్న ముద్దలు చేసి మింగేదాకా ఆగడం. నేను హైదరాబాదు నుంచి నెలకోసారి వచ్చి, రెండు రోజులు మంచం పక్కన కుర్చీలో కూర్చుని, వెళ్లేప్పుడు ఏడ్చేవాణ్ణి. బతికుండగా మాట విని, ఏటేటా అన్నం పెట్టి, గయలో పిండం పెడితేనే కొడుకు కొడుకవుతాడని శ్లోకం ఉంది. పురోహితుడు అది గట్టిగా చదివినప్పుడు చెల్లి నావైపు చూడలేదు. చూస్తే బాగుండేది.

చీకటితో లేచి చలిలో వణుకుతూ స్నానాలు చేశాం. చెల్లి తడిచీరతో పొయ్యి ముందు కూర్చుంది. ఇత్తడి గిన్నెలో అన్నం ఉడుకుతుంటే పొగకి కళ్లు తుడుచుకుంటోంది. పొగకేనా అని అడగలేదు. వార్చిన అన్నంలో నువ్వులు, నెయ్యి వేసి కలిపి మూడు విస్తళ్లలో పెట్టి మా ముగ్గురి ముందూ ఉంచి వెళ్లి గోడవార కూర్చుంది.

విష్ణుపాదం గుడి నల్లరాతిది. ఇప్పుడున్న కట్టడం 1787లో అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. లోపల వెండి తొడుగు వేసిన ఎనిమిది పలకల తొట్టెలాంటి దాంట్లో రాతిమీద పాదం ఉంటుంది, మూరెడు లోపే. జనం పిండాలు, పాలు, తులసి వేస్తూనే ఉంటారు కాబట్టి పాదం కంటికి ఆనేది క్షణమే. ఎవరో నీళ్లు పోస్తే కడుక్కుపోయి ఒక్కసారి వేళ్లు కనిపించాయి. మళ్లీ అన్నం కింద మునిగిపోయాయి.

మాతృషోడశి ఆ ఆవరణలోనే చేయించారు. తల్లికి పదహారు పిండాలు. ఒక్కో పిండానికీ ఒక్కో శ్లోకం, చివర "మాతృపిండం దదామ్యహం" అని వస్తుంది. మా పురోహితుడిలో నాకు నచ్చింది ఒకటే: ఎంత తొందరలో ఉన్నా అర్థం చెప్పకుండా ముద్ద పెట్టనివ్వలేదు. కడుపులో మోసేటప్పుడు ఎగుడుదిగుడు దారుల్లో నడిచావు, దానికిది. పురిటినొప్పులు పడ్డావు, దానికిది. చేదు కషాయాలు తాగావు, దానికిది. మేం ముగ్గురం వరసగా కూర్చుని ఎవరి తల్లికి వాళ్లం పెడుతున్నాం. నేను అమ్మకి, తమ్ముడు పిన్నికి, మావయ్య అమ్మమ్మకి.

"రాత్రిళ్లు బిడ్డ పక్క తడిపితే ఆ తడిలోనే పడుకుని, బిడ్డని పొడిచోట పడుకోబెట్టావు. దానికిది," అన్నాడాయన.

తమ్ముడి చెయ్యి ఆగిపోయింది. వాడికి ఆరేళ్లప్పుడు పిన్నికి క్షయ వచ్చి ఆస్పత్రిలో ఉంటే ఏడాదిన్నర మా ఇంట్లో ఉన్నాడు. నాకు తెలియని సంగతి ఒకటి వాడు తర్వాత చెప్పాడు. తల్లి మీద బెంగతో రోజూ పక్క తడిపేవాడట. అమ్మ నాలుగింటికే లేచి దుప్పటి మార్చి, వాడికి నిక్కరు మార్చి, తడిబట్టలు నూతి దగ్గర ఉతికి ఆరేసి, మేం లేచేసరికి ఏమీ తెలియనట్టు పళ్లపొడి చేతిలో వేసేదట. "ఇన్నేళ్లూ మీకెవరికీ చెప్పలేదు చూశావా అన్నయ్యా, దొడ్డమ్మ," అన్నాడు. నలభై అయిదేళ్లవాడు, చేతిలో అన్నం ముద్దతో వెక్కి వెక్కి ఏడ్చాడు. పురోహితుడు తొందరపెట్టలేదు.

మావయ్య మాత్రం పదహారూ గబగబా పెట్టేశాడు. అయ్యాక నా చెవిలో అన్నాడు: "నాకు మా అమ్మ మొహం గుర్తులేదురా. ఉన్న ఒక్క ఫోటో వానకి తడిసి పోయింది. పదహారు ముద్దలకీ అక్క మొహమే వచ్చింది. తప్పేమో."

ఆ తర్వాత కారుణ్య పితృదేవతల వరస. బాబాయిలు, మేనమామలు, అత్తలు, అక్కచెల్లెళ్లు, గురువులు, స్నేహితులు, పెంచిన పశువులు, ఎవరున్నా చెప్పమన్నాడు. మావయ్య వంతు వచ్చింది. "భగినీం," అని ఆయన అందించగానే మావయ్య అమ్మ పేరు చెప్పి తమ గోత్రం చెప్పాడు. "ఆవిడ గోత్రం పెళ్లితో మారింది కదండీ," అన్నాడు పురోహితుడు మెల్లగా. మావయ్య ఒక నిమిషం అలా ఉండిపోయి మా గోత్రం చెప్పాడు. తమ్ముడు "మాతృష్వసారం" అని చెప్పి పెట్టాడు. ఒకే పేరు, మూడు గొంతులు, మూడు వరసలు. శాస్త్రప్రకారం మావయ్య అక్కకి పెట్టింది ఒక్క ముద్ద. ఆయన చెవిలో చెప్పింది లెక్కేస్తే పదిహేడు.

అక్షయవటం దగ్గర ఒక ఆకు, ఒక కాయ, ఒక పండు వదిలేయాలి. మనవాళ్ల తెలివంతా అక్కడ బయటపడుతుంది. నాన్న 2008లో పొట్లకాయ వదిలాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన పొట్లకాయ ముట్టుకోలేదు. అమ్మ మాత్రం వంకాయ వదిలింది. అమ్మ గుత్తివంకాయ అంటే మా చుట్టాల్లో పేరు. లేత నీలం కాయలు తొడిమ దాకా నాలుగు పక్షాలుగా చీల్చి, ధనియాలు, మినప్పప్పు, ఎండుమిర్చి వేయించి కొట్టిన కారం కూరి, మూత మీద నీళ్లు పోసి సన్నసెగన మగ్గనిచ్చేది. "ఇష్టమైంది వదలకపోతే వదిలినట్టెలా అవుతుందే?" అందట చెల్లితో. అప్పటి నుంచి పదమూడేళ్లు మా అందరికీ వండింది, నాలిక మీద పెట్టుకోలేదు. గరిటెతో కొంచెం కారం తీసి చెల్లిని కేకేసేది, "ఇలా రావే, ఉప్పు చూడు."

మావయ్య దారిలో బ్రకోలీ, కివీ పండు అని సిద్ధం చేసుకున్నాడు. చెట్టు దగ్గరకొచ్చాక ఏమనుకున్నాడో, మామిడిపండు అన్నాడు. తమ్ముడు గోంగూర వదిలాడు. నేను దొండకాయ అన్నాను. పెద్ద కష్టమేమీ కాదని మీకూ తెలుస్తోంది కదా. చెల్లి నన్నొక చూపు చూసి, "వంకాయ" అంది.

అక్కడే పురోహితుణ్ణి అడిగేసింది. "ఈ చెట్టు సీతమ్మకి సాక్ష్యం చెప్పిన చెట్టే కదండీ?"

"అవునమ్మా."

"సీతమ్మ ఆడదే కదా. ఆవిడ దశరథుడికి పిండం పెట్టింది కదా."

ఆయన నవ్వాడు. కథ తెలుగిళ్లలో అందరికీ తెలిసిందే. రామలక్ష్మణులు సామగ్రి కోసం వెళ్లినప్పుడు దశరథుడు చెయ్యి చాపితే సీతమ్మ ఇసుక ముద్ద పెట్టింది. రాముడొచ్చి అడిగితే నదీ, ఆవూ, మొగలిపువ్వూ అబద్ధమాడాయి, మర్రిచెట్టు ఒక్కటీ నిజం చెప్పింది. శాపంతో ఫల్గుణి ఇసుక కిందకి పోయింది. "అవతలి ఒడ్డున సీతాకుండ్ ఉంది. వంతెన మీద నడిచి వెళ్లొచ్చు. అక్కడ ఇసుక పిండమే పెడతారు. వెళ్లిరా తల్లీ, నేను కాదనను," అన్నాడు.

సాయంత్రం నలుగురం వంతెన దాటాం. అవతల చెల్లి మమ్మల్ని ఆగమని ఒడ్డుకి దిగింది. పొడి ఇసుక ముద్దకి రావడం లేదు. తమ్ముడు సీసాతో నీళ్లు పట్టుకెళ్లి పోశాడు. ఎక్కువయ్యాయి, జారిపోయింది. మళ్లీ ఇసుక కలిపింది. నేను కాస్త పైనుంచి చూస్తున్నాను. పిండమంటే గుప్పెడంత చేస్తుందనుకున్నాను. బొటనవేలితో అంచులు నొక్కుతూ, ఉసిరికాయంత ముద్ద చేసింది. పక్షవాతం వచ్చిన నోటికి పట్టేంత. మరొకటి చేసింది. ఇంకొకటి. ఒక్కోటీ నేల మీద పెట్టి, మింగడానికి టైమిచ్చినట్టు కాసేపు ఆగి తర్వాతది. మంత్రం లేదు. గోత్రం ఏదని ఎవరూ అడగలేదు. ఎన్ని పెట్టిందో నేను లెక్కపెట్టలేదు.

మావయ్య చెప్పులు ఈ సందట్లో ఎవరో వేసుకుపోయారు. వంతెన మీద వట్టికాళ్లతో నడిచొచ్చాడు.

సంక్రాంతికి రాజమండ్రి వెళ్లాను. కనుమ మర్నాడు చెల్లి వంటింట్లో ఏదో చేస్తోంది. మూత మీద నీళ్లు పోసిన మూకుడు, మినప్పప్పు వేగిన వాసన. గరిటె చివర కొంచెం కారం పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"అన్నయ్యా, ఉప్పు చూడు."

చిటికెడు తక్కువైంది. చెప్పాను.