తేలిక లెక్కలు తప్పి, కష్టమైనవి రైటైన పిల్లలు

పిహెచ్‌డి కోసం ఎనిమిదో తరగతి పిల్లలకు 40 ప్రశ్నల గణిత పరీక్ష పెట్టాను. మార్కులు ఎక్కించి చూపిస్తే మా గైడ్ మేడమ్, "మార్కులు సరేనమ్మా, అవి ఎలా వచ్చాయో చూశావా?" అన్నారు. ఇద్దరికీ ఇరవయ్యే రావచ్చు. ఒకరు తేలికవి చేసి కష్టమైనవి వదిలేస్తారు. ఇంకొకరిది దానికి తలకిందులు. ఆ రెండో రకాన్ని వెతకమన్నారు.

ముందు ప్రశ్నల్ని తేలిక నుంచి కష్టానికి పేర్చుకోవాలి. తేలికది తప్పి, దానికన్నా కష్టమైనది రైటైన ప్రతి జతా ఒక 'గట్‌మన్ లోపం'. సామాజిక శాస్త్రవేత్త లూయీ గట్‌మన్ 1944లో చెప్పిన స్కేలు (కష్టమైనది చేసినవాళ్లు తేలికవీ చేస్తారనే వరస) నుంచి వచ్చిన పేరిది. అయితే ఉత్త లెక్కతో పోల్చకూడదు. 20 మార్కుల పిల్లకి 400 లోపాల దాకా రావచ్చు, 38 వచ్చినవాడికి 76కి మించవు. అందుకని గరిష్ఠంతో భాగించాలి. గణాంకాలకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌లో పర్‌ఫిట్ ప్యాకేజీ ఈ పని చిటికెలో చేసేస్తుంది. అందులోనే ఉన్న, జవాబుల వరస ఎంత అసహజంగా ఉందో ఇంకోలా కొలిచే ఎల్‌జెడ్ సూచీతో మాత్రం కాస్త తల పట్టుకున్నాను. పిల్లల సామర్థ్యాన్ని ఆ జవాబుల నుంచే అంచనా వేస్తాం కాబట్టి ఎంత దాటితే అసహజమో చెప్పే మామూలు గణాంక పట్టిక హద్దులు దానికి సరిగ్గా అతకవు. 2001లో గణాంకవేత్త స్నైడర్స్ ఇచ్చిన సవరణ వాడాను.

ఇలా తేడాగా తేలిన పిల్లల జాబితా చూసిన ఒక హెడ్మాస్టరు గారు "కాపీయేనండీ, ఇంకేముంది" అని తేల్చేశారు. నేను అసలు పేపర్లు బయటికి తీశాను. ఒకబ్బాయి ప్రశ్నపత్రం అంచున పెన్సిలుతో చక్కగా భాగహారం చేసి, జవాబు చుట్టూ సున్నా కూడా చుట్టాడు. ఓఎంఆర్ షీటులో మాత్రం ఒక ప్రశ్న వదిలేసిన చోటి నుంచి బబుల్స్ అన్నీ ఒక వరస పైకి జరిగాయి! ఇంకో అమ్మాయికి అంకెల లెక్కలన్నీ వచ్చు, వాక్యాల్లో ఇచ్చిన తేలిక లెక్కలే పోయాయి. ఆమెకి ఇంట్లో భాష తెలుగు కాదు. కొందరు చివరి పేజీ మొత్తం 'బి' పెట్టేశారు, విసుగొచ్చి ఉంటుంది.

పక్కపక్క బల్లల మీద ఒకే తప్పు ఆప్షన్లు పడ్డాయా అన్నది వేరే పరీక్ష, వేరే సూచీలు. చురుకైన పిల్లాడి పేపరు చూసి అచ్చంగా దించేస్తే ఆ వరస చాలా సహజంగా కనిపిస్తుంది, నా లెక్కకు దొరకదు.

ఎవరినీ తీసెయ్యలేదు. వాళ్లతో ఒకసారి, వాళ్లు లేకుండా ఒకసారి విశ్లేషణ నడిపి రెండు పట్టికలూ సిద్ధాంత గ్రంథంలో పెట్టాను. కారణాలు దొరికినవాళ్లకి పక్కన రాశాను. మిగతావాళ్ల గడి ఖాళీగానే ఉంచాను.